కప్పు తెచ్చేది కాలి ఒడుపా, గుండె దిటవా?

మహేంద్రతనయ

పర్లాకిమిడిలో పదహారేళ్ల లోపు పిల్లలకు పదకొండేళ్లుగా ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. సంక్రాంతి వెళ్లిన వారంలో కొండమీది ఒక ఊళ్లో జరిగిన పోటీలో మా జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. హాఫ్ టైమ్‌కు 2–0తో ముందున్నాం. గట్టుమీద కూర్చున్న జనం మా పిల్లల పాసులకు ఈలలు వేశారు. చివరి పావుగంటలో మూడు గోల్స్ తిని ఓడిపోయాం. ఎదుటి జట్టులో సగం మందికి బంతిని ఛాతీతో ఆపడం కూడా సరిగా రాదు, అయినా వాళ్లు పరుగు ఆపలేదు. మావాళ్లు మాత్రం మొదటి గోల్ పడగానే ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. బహుమతిగా వచ్చిన మేకపోతును భుజాన వేసుకుని వాళ్లు వెళ్తుంటే, నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన "మాస్టారూ, మీ కుర్రాళ్లకు ఆట ఉంది గానీ గుండె లేదు" అన్నారు. ఆ మాట పదిహేను రోజులుగా నన్ను వదలడం లేదు.

ఇప్పుడు వచ్చే సీజన్‌కు పద్దెనిమిది మందిని ఎంచుకోవాలి. మా దగ్గర పదో నంబరుగా, అంటే మధ్యలో ఉండి దాడిని నడిపే చోట, ఆడే ఒక పొట్టి కుర్రాడు ఉన్నాడు. బంతి వాడి కాలికి అతుక్కున్నట్టు ఉంటుంది, కానీ బంతి లాక్కోవడానికి మీద పడేవాళ్ల ట్యాకిల్స్ రెండు గట్టిగా తగిలాయంటే ఆ తరువాత మైదానంలో ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. అదే చోటుకు పోటీపడుతున్న మరొకడికి ఒడుపు తక్కువే అయినా, ఆట ముగిసేదాకా ఎద్దులా దున్నుతాడు. ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన జట్లను బాగా చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కప్పు తెచ్చేది ప్రతిభా, మొండితనమా?

గుణుపురం_గోలీ

రెండోవాణ్ణి తీసుకోండి మాస్టారూ, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఇరవై ఏళ్లు గోల్ ముందు నిలబడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఫైనల్‌లో చివరి పది నిమిషాలు వేరే ఆట. 1950 ప్రపంచ కప్ ఆఖరి మ్యాచ్‌లో బ్రెజిల్‌కు డ్రా చాలు. అంతకు ముందు స్వీడన్‌ను 7–1తో, స్పెయిన్‌ను 6–1తో ఓడించి వచ్చిన జట్టు అది. మరకానా మైదానంలో లక్షా డెబ్బై వేలకు పైగా జనం ఉన్నారు. రెండో సగం మొదలైన రెండు నిమిషాలకే బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్ వేశాడు. అప్పుడు ఉరుగ్వే కెప్టెన్ ఒబ్డూలియో వరేలా బంతిని చంకన పెట్టుకుని, అది ఆఫ్‌సైడ్ అంటూ రిఫరీతో నింపాదిగా వాదన పెట్టుకున్నాడు. వాదనలో గెలవనని ఆయనకు తెలుసు. ఆయనకు కావలసింది జనం హోరు చల్లారడం, తనవాళ్ల ఊపిరి కుదుటపడడం. ఆ తరువాత రెండు గోల్స్ వేసి 2–1తో కప్పు ఎత్తుకెళ్లారు. దాన్ని నేను గుండె దిటవు అంటాను.

బరంపురం_రావు

గోలీ గారు చెప్పిన సంగతి నిజమే గానీ, దానినుంచి ఆయన తీసిన అర్థంతో నేను ఏకీభవించలేను. ఉరుగ్వే ఏదో మొండిగా పరుగెత్తి గెలిచిన జట్టు కాదు. 1924, 1928 ఒలింపిక్స్ బంగారు పతకాలూ, 1930 మొదటి ప్రపంచ కప్పూ ఆ దేశానివే. ఆ రోజు గోల్స్ వేసిన స్కియాఫినో, గిగ్గియా ఇద్దరూ ఏ కాలంలోనైనా గొప్ప ఆటగాళ్లే. వరేలా హోరును చల్లార్చి ఉండవచ్చు, కానీ 79వ నిమిషంలో కుడి పక్కనుంచి దూసుకొచ్చిన గిగ్గియా, బంతిని లోపలికి పంపుతాడని గోల్‌కీపర్ ముందుకు కదిలిన ఆ క్షణంలో, దగ్గరి స్తంభం పక్క సందులోకి కొట్టాడే, అది కాలి పని. దిటవు తలుపు తెరిచి ఉండవచ్చు, లోపలికి నడిచింది మాత్రం ప్రతిభే.

కాశీనగరం_కుర్రాడు

మరి 1954 ప్రపంచ కప్ సంగతి ఏమిటి? హంగరీ నాలుగేళ్లుగా ఓటమి ఎరుగని జట్టు. అదే టోర్నమెంటులో పశ్చిమ జర్మనీని 8–3తో చితకబాదింది. ఫైనల్‌లో ఎనిమిది నిమిషాలకే 2–0తో ముందుంది. అయినా 3–2తో జర్మనీయే గెలిచింది. మహేంద్రతనయ మాస్టారి జట్టుకు జరిగింది అచ్చంగా ఇదే.

బరంపురం_రావు

తమ్ముడూ, ఆ కథలో సగం చెప్పావు, మిగతా సగం కూడా చెప్పుకోవాలి. 8–3తో ఓడిన రోజున జర్మనీ కోచ్ హెర్బర్గర్ తన అసలు జట్టునే దింపలేదు. ఆ మ్యాచ్‌లోనే హంగరీ కెప్టెన్ పుష్కాష్ చీలమండకు దెబ్బ తగిలింది, ఫైనల్‌ను అతను ఆ కాలితోనే ఆడాడు. ఫైనల్ రోజున బెర్న్‌లో వాన. జర్మన్ల బూట్లకు మర బిగించి మార్చుకునే మేకులు ఉండడంతో వాళ్లు బురదకు తగ్గ పొడవాటి మేకులు వేసుకున్నారు. ఇవన్నీ పక్కనపెట్టి "గుండె" అనేస్తే, గెలిచినవాళ్ల ఆలోచననూ ఓడినవాళ్ల ప్రతిభనూ రెండింటినీ చిన్నబుచ్చినట్టే.

గుణుపురం_గోలీ

బూట్లు బిగించుకుంటే గోల్స్ పడవు కదా రావు గారూ. 2–0తో వెనకబడ్డాక పది నిమిషాల్లో లెక్క సమం చేయడానికి ఏదో ఒకటి లోపల ఉండాలి.

వంశధార

మన హైదరాబాదు మాస్టారి జట్టును మరిచి బ్రెజిల్, జర్మనీల చుట్టూ తిరుగుతున్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు, తరువాత మన దేశపు కోచ్ అయ్యారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికి ఆయనకు క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాం. థాయిలాండ్‌తో ఆటలో, మన గోల్ వైపు కాపు కాసే బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తైవాన్, ఇజ్రాయెల్‌లను క్రీడలకు రానివ్వలేదని మన ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మన జట్టు మీద మండిపడుతున్నారు. ఫైనల్ మళ్లీ అదే కొరియాతో. స్టేడియమంతా ఎగతాళి కేకలు.

ఇక్కడ రహీం చేసిన పని చూడండి. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ఆయన కూర్చోబెట్టలేదు, బ్యాక్ స్థానంలోనూ ఉంచలేదు, ముందుకు పంపి గోల్స్ వేసే ఫార్వర్డ్‌గా ఆడించారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి వేయగా 2–1తో బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు. ఆ పతకం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. ఈ కథను చెప్పుకునేవాళ్లు కట్టు కట్టిన తల గురించే చెబుతారు. నాకు మాత్రం, ఒక బ్యాక్‌లో ఫార్వర్డ్‌ను చూడగలిగిన ఆ పంతులుగారి కన్నే గుర్తుకొస్తుంది. జట్టులో చునీ గోస్వామి, పీకే, బలరాం లాంటి ఒడుపు గల కాళ్లు లేకపోతే ఆ గాయపడ్డ తల ఒక్కటే ఏం చేసేది?

రాయగడ_రైట్‌బ్యాక్

వంశధార గారు 1962 చెప్పారు, నేను పదేళ్లు వెనక్కి వెళ్తాను. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. వట్టి కాళ్లతో బూట్ల కాళ్లకు ఎదురు నిలవడం కంటే మొండి ధైర్యం ఏముంటుంది? యుగోస్లావియా 10–1తో ఓడించింది. ఆ తరువాతే మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ధైర్యం చాలని రోజులు కూడా ఉంటాయి.

జయపురం_పీటీ_టీచర్

రైట్‌బ్యాక్ గారి మాటకు నా కళ్లతో చూసిన సాక్ష్యం ఒకటి చేరుస్తాను. 2022 అక్టోబరులో పదిహేడేళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ కప్ మన కళింగ స్టేడియంలో జరిగినప్పుడు, మా బడి జట్టులోని తొమ్మిది మంది అమ్మాయిలను హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో భువనేశ్వర్ తీసుకెళ్లాను. రాత్రంతా పెట్టెలో ఒకరి ఒళ్లో ఒకరు తలపెట్టుకుని పడుకున్నారు. మేం చూసిన మ్యాచ్‌లో అమెరికా మన జట్టును 8–0తో ఓడించింది. ఆరో గోల్ పడ్డాక కూడా మన పిల్లలు బంతి కోసం పడుతూ లేస్తూ పరుగెత్తడం చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు. గట్టిదనానికి ఏ లోటూ లేదు. ఏడేళ్ల వయసునుంచి బంతితో పెరిగిన అమ్మాయికీ, పన్నెండో ఏట బంతి ముట్టుకున్న అమ్మాయికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ గట్టిదనం ఒక్కటే దాటించలేకపోయింది.

అయితే రెండూ కలిసిన జట్టును కూడా నేను పిల్లలకు వీడియోలో చూపిస్తాను. 2011లో సునామీ వచ్చిన కొన్ని నెలలకే జపాన్ మహిళలు ప్రపంచ కప్ ఫైనల్‌లో అమెరికాను ఎదుర్కొన్నారు. పొడవులోనూ, బలంలోనూ అమెరికా అమ్మాయిలదే పైచేయి. జపాన్ రెండుసార్లు వెనకబడింది, రెండుసార్లూ సమం చేసింది. 117వ నిమిషంలో కార్నర్ బంతిని హోమారే సావా గోల్‌కు వీపు పెట్టి, కాలి వెలుపలి అంచుతో మళ్లించిన తీరు చూడాలి. నూట పదిహేడు నిమిషాలు పరుగెత్తిన కాలు అంత సున్నితమైన పని చేసింది. దానికి ప్రతిభ అని పేరు పెడతారో, గట్టిదనం అని పెడతారో మీరే చెప్పండి. చివరికి పెనాల్టీలలో జపాన్ గెలిచింది.

గుణుపురం_గోలీ

టీచరమ్మ గారూ, ఆ గోల్ నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. గోల్ ముందు నిలబడ్డవాడికి ఏ గోలీ మీదనైనా జాలి కలుగుతుంది, ఆ బంతికి ఎవరూ ఏమీ చేయలేరు.

పాతపట్నం_వీరాభిమాని

2004లో యూరోపు దేశాల కప్పు అయిన యూరోను గ్రీసు గెలిచింది. అంతకు ముందు ఏ పెద్ద టోర్నమెంటులోనూ ఒక్క మ్యాచ్ కూడా గెలవని దేశం. ఫ్రాన్స్‌పై 1–0, చెక్ రిపబ్లిక్‌పై 1–0, ఫైనల్‌లో పోర్చుగల్‌పై దాని సొంత గడ్డ మీద 1–0. దీనికి ప్రతిభావాదులు జవాబు చెప్పాలి.

బరంపురం_రావు

చెబుతాను. ఆ గ్రీసు రెండేళ్ల తరువాత 2006 ప్రపంచ కప్‌కు అర్హత కూడా సంపాదించలేదు. ప్రతిభ గల స్పెయిన్ 2008, 2010, 2012 మూడు పెద్ద టోర్నమెంట్లను వరసగా గెలిచింది. గట్టిదనం ఒక వేసవిలో కప్పు తేవచ్చు, ప్రతిభ అయితే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

రాయగడ_రైట్‌బ్యాక్

రావు గారూ, స్పెయిన్‌ను మెత్తటి జట్టు అనుకోవద్దు. 2010 ప్రపంచ కప్‌లో మొదటి మ్యాచ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో ఓడారు. ఆ తరువాత నాకౌట్ మ్యాచ్‌లు నాలుగూ 1–0. ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ బూటు తమ జాబీ అలోన్సో ఛాతీ మీద దిగినా వాళ్లు తిరిగి తన్నడానికి పోకుండా పాసులు ఆడుతూనే ఉన్నారు, 116వ నిమిషానికి ఇనియెస్టా గోల్ వచ్చింది. కొట్టడం కంటే, కొట్టించుకుంటూ తన ఆట తాను ఆడడమే పెద్ద గట్టిదనమని బ్యాక్‌గా ఎందరి కాళ్లో తన్నిన నాకు ఆ రోజు అర్థమైంది.

మందుల_కొట్టు_రాయగడ

ఇంతసేపూ అందరూ గుండె గురించి మాట్లాడారు, నేను కడుపు గురించి మాట్లాడతాను. మా ఊరి జట్టులో ఒక పిల్లవాడు రెండో సగంలో ఎప్పుడూ నిలబడిపోయేవాడు. కోచ్ వాణ్ణి పిరికివాడని అందరి ముందూ అనేవారు. ఒకనాడు మైదానంలోనే కళ్లు తిరిగి పడిపోతే నా కొట్టుకు ఎత్తుకొచ్చారు. ఏం తిన్నావని అడిగితే పొద్దున ఆరింటికి చద్దన్నం నీళ్లు తాగానన్నాడు. అప్పుడు సాయంత్రం నాలుగున్నర. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. ఆ రక్తంతో వాడు అరగంట పరుగెత్తడమే నా దృష్టిలో వీరత్వం.

మాస్టారూ, మీ పిల్లలు చివరి పావుగంటలో చేతులెత్తేశారని అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఆ రోజు వాళ్లు ఎప్పుడు, ఏం తిన్నారు? కాళ్లలో సత్తువ అయిపోయినప్పుడు మొదట పోయేది పరుగు కాదు, ఒడుపు. బంతి కాలికి ఒక జాన దూరం ఎక్కువ పోతుంది, పాస్ రెండు అడుగులు తక్కువ పడుతుంది, మనిషికి భయం పుడుతుంది. దాన్ని మనం బయటినుంచి చూసి పిరికితనం అంటాం. ఆటకు మూడు గంటల ముందు కడుపునిండా అన్నం, గంట ముందు చోడి (రాగి) అంబలి గానీ రెండు అరటిపళ్లు గానీ, హాఫ్ టైమ్‌లో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లూ ఇచ్చి చూడండి. మరొక సంగతి, మన జిల్లాలలో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉంది. అందరికీ ఒకసారి ఆ పరీక్ష చేయించండి. అది ఉన్న పిల్లవాణ్ణి గట్టిపరచాలని ఎండలో నీళ్లు లేకుండా పరుగెత్తిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మహేంద్రతనయ

మీ మాట చదివి నిన్న సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఫైనల్ నాలుగింటికి మొదలైంది. ఆ రోజు ఆడిన పద్నాలుగు మందిలో ఏడుగురు పొద్దున బయలుదేరేటప్పుడు తిన్న ఇడ్లీ తరువాత ఏమీ తినలేదు. వండిపెట్టేవాళ్లు రాలేదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా పదో నంబరు కుర్రాడు ఆ ఏడుగురిలో ఉన్నాడు. రెండు ట్యాకిల్స్‌కు మాయమైపోతాడని పైన రాసిన వాక్యాన్ని ఇప్పుడు చదువుకుంటే మనసు చివుక్కుమంటోంది.

కొండగాలి

ఈ చర్చను మూడు రోజులుగా చదువుతున్నాను. ఆ ఫైనల్‌లో మీ మీద గెలిచింది మా ఊరి జట్టే. నేను అందులో ఆడలేదు, మా తమ్ముడు ఆడాడు, నేను గీత పక్కన నిలబడి పిల్లలకు చెబుతూ ఉన్నాను. మాస్టారిపై నాకు గౌరవం ఉంది, ఆట అయ్యాక మా పిల్లల దగ్గరికి వచ్చి చేయి కలిపింది ఆయన ఒక్కరే. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. పైన ఇంతమంది మా పిల్లల గెలుపును మొండితనం ఖాతాలోనే రాశారు, ఒడుపు ఖాతాలో ఎవరూ రాయలేదు.

మా మైదానం వాలుగా ఉంటుంది, గులకరాళ్లు ఉంటాయి. పైనుంచి వచ్చే బంతిని ఛాతీతో ఆపితే అది ఏ రాయి మీద పడి ఎటు ఎగురుతుందో తెలియదు. అందుకని మేం బంతిని నేలకు తగలనివ్వకుండా వచ్చినది వచ్చినట్టే పక్కవాడికి మళ్లించడం చిన్నప్పటినుంచీ అలవాటు చేసుకున్నాం. అది రాకపోవడం కాదు, మా నేల నేర్పిన ఆట. హాఫ్ టైమ్‌లో మేం మామిడిచెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నది ధైర్యం గురించి కాదు. రెండు గోల్స్ ఆధిక్యంతో మీ కుడి బ్యాక్ గీత దాటి ముందుకు వస్తున్నాడు, వాడి వెనక ఖాళీ ఉంది. మా జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్లవాణ్ణి ఆ పక్కకు మార్చాం. మూడు గోల్సూ ఆ పక్కనుంచే వచ్చాయి, గుర్తు తెచ్చుకోండి. బయట మావాళ్లు "ఛాడ నాహి, ఛాడ నాహి" (వదలొద్దు, వదలొద్దు) అని ఒడియాలో అరిచింది నిజమే. ఆ అరుపు అందరికీ వినబడింది, చెట్టు కింద జరిగిన ఆలోచన ఎవరికీ కనబడలేదు.

మాకు ఎక్కడికి వెళ్లినా ఇదే అనుభవం. రెండేళ్ల కిందట ఒక ఎంపికకు మా ఊరినుంచి ఐదుగురు వెళ్తే, అక్కడి పెద్దలు వాళ్లను పరుగెత్తించి చూసి, "కొండపిల్లలు, దమ్ము ఉంది, బ్యాక్‌లో వేయండి" అన్నారు. అందులో ఇద్దరు మా దగ్గర పాసులు అల్లే ఆటగాళ్లు. ఒక్క బంతి కూడా వాళ్ల కాళ్లకు ఇచ్చి చూడలేదు.

బరంపురం_రావు

కొండగాలి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ప్రతిభ పక్షాన ఇంతసేపూ వాదించిన నేను కూడా మీ జట్టులో ప్రతిభ ఉందేమోనని ఒక్కసారీ అనుకోలేదు. మీరు చెప్పింది నిజం.

మహేంద్రతనయ

మూడు గోల్సూ ఆ పక్కనుంచే వచ్చాయి. నిజం. కుడి బ్యాక్‌ను వెనక్కి పిలవవలసింది నేను, పిలవలేదు. ఆ పెద్దాయన మాటను పిల్లల మీద వేసి పదిహేను రోజులు బాధపడ్డాను గానీ, ఆ ఖాళీని చూడనిది నా కన్నేనని ఒప్పుకోవాలి. ఎంపికలో మీ పిల్లలకు జరిగినదానికి బాధగా ఉంది. మా దగ్గర దానికి తిరగేసిన రూపం నడుస్తుంది, పొట్టివాడైతే చాలు, బలం లేదని పక్కన కూర్చోబెడతారు.

కాశీనగరం_కుర్రాడు

పొట్టివాళ్ల సంగతి వచ్చింది కాబట్టి, లూకా మోద్రిచ్ చిన్నప్పుడు బలహీనంగా ఉన్నాడని హైడుక్ స్ప్లిట్ క్లబ్బు తీసుకోలేదు. 2018 ప్రపంచ కప్‌లో క్రొయేషియా వరసగా మూడు మ్యాచ్‌లు ఎక్స్‌ట్రా టైమ్ దాకా ఆడితే, ఆ జట్టును నడిపింది అతనే. ఎన్గోలో కాంటే కూడా పొట్టివాడే. 2016లో లెస్టర్ క్లబ్బుకు ఇంగ్లండ్ లీగ్ గెలిపించి, చెల్సీ క్లబ్బుకు వెళ్లి మరుసటి ఏడాది అక్కడా గెలిపించాడు.

రాయగడ_రైట్‌బ్యాక్

కాంటే పేరు చెప్పి మంచి పని చేశావు. అతణ్ణి అందరూ అలుపెరగని మనిషి అంటారు, కానీ ఎదుటివాడు ఎక్కడికి పాస్ ఇవ్వబోతున్నాడో ముందే పసిగట్టి అక్కడ నిలబడడం పరుగుతో రాదు. బంతిని లాక్కోవడం కూడా ఒక ప్రతిభే. బ్యాక్‌గా ఆడినవాడికి ఈ మాట ఎవరైనా అంటే కడుపు నిండుతుంది.

వంశధార

మాస్టారి పదో నంబరు కుర్రాడి దగ్గరికి తిరిగి వద్దాం. రహీం హైదరాబాదులో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోవడం, నిషేధించి పోటీలు పెట్టించేవారు. బంతి వచ్చిందంటే వెంటనే ఇచ్చేయాలి. బలం లేని కాలితో మాత్రమే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు. మీ కుర్రాడికి ట్యాకిల్స్ తట్టుకోవడం నేర్పే ముందు, ట్యాకిల్ వచ్చేలోగా బంతి పంపడం నేర్పండి. వారంలో రెండు రోజులు ఒకే స్పర్శతో ఆడించండి. కొండగాలి గారి ఊళ్లో పిల్లలకు గులకరాళ్లు నేర్పినది, ఈ పద్ధతిలో మీ చదును మైదానం కూడా నేర్పుతుంది.

జయపురం_పీటీ_టీచర్

దానితోపాటు వాడికి దెబ్బ తగిలినప్పుడు జట్టులో ఎవరు ముందు వాడి దగ్గరికి వెళ్తున్నారో చూడండి. మా అమ్మాయిలలో ఒకతె కింద పడితే లేవడానికి చాలాసేపు పట్టేది. మా గోల్‌కీపర్ పిల్ల ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి చేయి ఇచ్చి, ఒక మాట చెప్పి వెళ్లేది. ఏం చెప్పేదని చాలా రోజుల తరువాత అడిగాను. "తరువాతి బంతి కూడా నీకే ఇస్తాం" అని చెప్పేదట. ఆ ఏడాది సగం గడిచేసరికి ఆ అమ్మాయి పడగానే తనంతట తానే లేవడం మొదలుపెట్టింది.

గుణుపురం_గోలీ

ఇంత చదివాక కూడా ఒక మాటమీద నిలబడే ఉన్నాను. తిండి పెట్టండి, ఒడుపు నేర్పండి, ఖాళీలు పూడ్చండి, అన్నీ ఒప్పుకుంటాను. అయినా 2022 మగవాళ్ల ప్రపంచ కప్ ఫైనల్‌లో అర్జెంటీనా ఎనభయ్యో నిమిషం దాకా 2–0తో ఉండి, రెండు నిమిషాల్లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపేకు రెండు గోల్స్ ఇచ్చింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో మళ్లీ ముందుకెళ్లి 118వ నిమిషంలో మళ్లీ ఇచ్చింది. 123వ నిమిషంలో ఫ్రాన్స్ ఫార్వర్డ్ కోలో ముఆనీ ఒంటరిగా ఎదురొస్తే, అర్జెంటీనా గోలీ ఎమీ మార్టినెజ్ కాలు చాచి ఆపాడు. అప్పటికి మూడు గోల్స్ తిన్న గోలీ అతను. ఆ మూడింటినీ మనసులోంచి తుడిచేసి నాలుగోదానికి కాలు చాచడాన్ని ఏ మైదానంలో, ఏ అంబలి తాగించి నేర్పుతారు?

మందుల_కొట్టు_రాయగడ

గోలీ గారూ, అంబలి తాగినవాడే ఆ కాలు చాచగలడు.

మహేంద్రతనయ

గోలీ గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, కానీ దాన్ని మైదానంలోనే వెతకాలనుకుంటున్నాను. ఇద్దరినీ పద్దెనిమిది మందిలోకి తీసుకున్నాను. వచ్చే ఆదివారం పిల్లలకు రెండు జట్లుగా ఆట పెడుతున్నాను. పన్నెండింటికి మైదానం పక్కనే వంట, మూడింటికి ఆట. మొదటి అరగంట అంతా ఒకే స్పర్శ. చివరి ఇరవై నిమిషాలు పదో నంబరు కుర్రాడి జట్టును 2–0తో వెనక ఉన్నట్టు లెక్కపెట్టి ఆడిస్తాను. రెండోవాడు వాడికి ఎదురు కాదు, వాడి పక్కనే ఆడతాడు. కొండగాలి గారూ, మీ తమ్ముణ్ణీ, పాసులు అల్లే ఆ ఇద్దరినీ తీసుకుని మీరు వస్తారా? బస్సు ఖర్చులు మావే. వాళ్లను నేను బ్యాక్‌లో వేయను.

కొండగాలి

వస్తాం. ఐదుగురం వస్తాం.

గుణుపురం_గోలీ

పొద్దుటి బండికి నేనూ దిగుతాను మాస్టారూ. మీ గోలీ పిల్లవాణ్ణి నాకు గంటసేపు అప్పగించండి, మూడు గోల్స్ తిన్నాక నాలుగోదానికి ఎలా నిలబడాలో వాడితో కాస్త మాట్లాడాలి.